బెలూన్ మెసేజ్ పంపేవాళ్లకు

"గుండెకు బెలూన్ వేయించుకునేవాళ్లు తప్పక చదవండి" అంటూ ఒక మెసేజ్, ఏ గ్రూపు తెరిచినా అదే. మైట్రల్ వాల్వ్, అంటే గుండెలో ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే కవాటం, ఇరుకైనవాళ్లకు దాన్ని వెడల్పు చేసే బెలూన్ వేసేటప్పుడు గుండె గోడకు గుడ్డిగా చిల్లు పెడతారట. ఆ చిల్లు జీవితాంతం ఉంటుందట. ఎక్స్‌రేకి జుట్టు ఊడుతుందట. పది రోజుల ముందే రక్తం పల్చబడే మాత్రలు మనమే మానేయాలట.

జుట్టు సంగతి వదిలేద్దాం, ఎక్స్‌రే పడేది ఛాతీ మీద.

చిల్లు నిజమే. తొడ సిరలోంచి కుడి కర్ణికకు, అంటే గుండె కుడివైపు పై గదికి, చేరిన సూది ఎడమ కర్ణికలోకి వెళ్లాలంటే మధ్య గోడ దాటాల్సిందే. దాటేది ఫోసా ఒవాలిస్ అనే పల్చటి చోట. పుట్టకముందు అందరికీ అక్కడ దారి ఉన్నదే. బెలూన్ కోసం చేసిన రంధ్రం చాలామందిలో కొన్ని నెలల్లో పూడుకుంటుంది.

గుడ్డిగానా? 1959లో ఇలా గోడకు సూది గుచ్చే పద్ధతి వచ్చిన కొత్తలో ఎక్స్‌రే నీడలు, ఒత్తిడి రీడింగులే దిక్కు. ఇప్పుడు వాటికి తోడు ఎకో, అంటే గుండెకు తీసే అల్ట్రాసౌండ్, ఉంది. సూది ఆనినచోట గోడ గుడారంలా పొంగడం అందులో కనబడుతుంది.

ఇక మాత్రలు. ఈ ముక్క రాసిన మహానుభావుడికి ఒక దండం. వాల్వ్ ఇరుకైతే ఎడమ కర్ణిక ఉబ్బి రక్తం నిలుస్తుంది. గుండె లయ కూడా తప్పితే గడ్డ కట్టడానికి ఇంకేం కావాలి? అది జారి మెదడుకు వెళ్తే పక్షవాతం. అందుకే ముందు గొంతులోంచి గొట్టం వేసి ఎకో తీస్తారు. గడ్డ కనబడితే బెలూన్ వాయిదా వేసి, నెలల తరబడి మింగించేది ఏమిటనుకున్నారు? మీరు మానేయమన్న మాత్రలే! అంతెందుకు, సూది గోడ దాటగానే రక్తం గడ్డ కట్టకుండా డాక్టర్లే హెపారిన్ అనే మందు ఎక్కిస్తారు. పాపం, ఈ పని చేసే క్యాథ్ ల్యాబ్‌లో ఎవరికీ వాట్సాప్ లేదనుకుంటా. ప్రొసీజర్ ముందు వార్ఫరిన్, ఎసిట్రోమ్ లాంటి రక్తం పల్చబడే మాత్రలు కొన్ని రోజులు ఆపమని డాక్టరే చెప్పొచ్చు. అది రక్తం గడ్డ కట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష చూసి, అవసరమైతే మధ్యలో ఇంజక్షన్లు ఇచ్చి చేసే పని. ఫార్వర్డ్ చూసి మానేయడం వేరు.

చివర్లో ఉన్న ఒక మాటను మాత్రం కాదనలేను: "మీ డాక్టర్ ఇవి ఎన్ని చేశారో అడగండి." అడగాల్సిందే. సూది దారి తప్పితే గుండె చుట్టూ ఉన్న పొరలోకి రక్తం చేరి గుండెను నొక్కేస్తుంది. అరుదే, కానీ జరిగితే వెంటనే తోడేయాలి, అందుకు అలవాటైన చెయ్యి కావాలి. బెలూన్‌కు వాల్వ్ చీరి రక్తం బాగా వెనక్కి కారితే అత్యవసరంగా సర్జరీ చేయాల్సి రావచ్చు. కాబట్టి ఆ రోజు సర్జన్ అందుబాటులో ఉంటారా అనీ అడగండి.