తడి చెత్త వేరు చేయాలట, ఎరువు మాత్రం చేయకూడదట!

వంటింటి చెత్తను ఇంట్లోనే ఎరువు చేసుకునేవాళ్ల వల్ల ఎవరికీ నష్టం లేదు. చెత్తబండికి బరువు తగ్గుతుంది, వాళ్ల మొక్కలకు బలం వస్తుంది. చిత్రంగా నిషేధాలన్నీ వాళ్ల మీదే. బాల్కనీలో కంపోస్ట్ డబ్బా పెట్టొద్దు, పెరట్లో గుంత తీయొద్దు, మేడ మీద డ్రమ్ము కనిపించకూడదు అని ఇళ్ల సముదాయాల సంఘాలు నిబంధనలు రాసేస్తున్నాయి. గేటు పక్కన అన్ని ఇళ్ల చెత్తా కలిసిపోయిన తొట్టి మూత లేకుండా రోజుల తరబడి కుళ్లుతుంటే మాత్రం ఆ సంఘాల పెద్దలకు వాసన తగలదు. దీన్ని ద్వంద్వ నీతి అనక తప్పదు.

వాసన వస్తుంది, ఈగలు ముసురుతాయి, ఎలుకలు చేరతాయి అన్నది వాళ్ల వాదన. సరిగ్గా చేయకపోతే నిజంగానే వస్తుంది. అలాంటప్పుడు ఎలా చేయాలో చెప్పాలి గానీ చేయడమే తప్పంటే ఎలా? కుళ్లిన గుడ్డు వాసన వస్తోందంటే లోపలికి గాలి ఆడడం లేదు, నీరు ఎక్కువైంది. అమోనియా ఘాటు వస్తోందంటే పచ్చి చెత్తలోని నైట్రోజన్ మోతాదు మించింది. రెండింటికీ మందు దాదాపు ఒకటే. ఒక వంతు తడి చెత్తకు రెండు మూడు వంతుల ఎండాకులో, చింపిన అట్టముక్కలో కలపాలి, వారానికోసారి తిరగేయాలి. గుప్పెట్లో పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలకు మించి నీరు కారకూడదు. మాంసం, పాల పదార్థాలు, నూనె జిడ్డు వేయకుండా మూత బిగిస్తే ఎలుకలకు అక్కడ దొరికేది చాలా తక్కువ. పదంటే పది నిమిషాల్లో నేర్పగలిగిన ఈ సంగతులు నేర్పే ఓపిక లేక నిషేధం రాసిపడేస్తున్నారు.

ఇది నిన్న మొన్న పుట్టిన ప్రయోగమూ కాదు. పచ్చి చెత్త, పొడి చెత్త పొరలు పొరలుగా వేసి తిరగేసే పద్ధతికి ఇండోర్ నగరం పేరే పెట్టారు. ఆ ఇండోర్ పద్ధతిని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఆల్బర్ట్ హొవార్డ్, యశ్వంత్ వాడ్ 1931లోనే పుస్తకంగా అచ్చు వేయించారు. అంతకు ఎన్నో తరాల ముందు నుంచే రైతులకు పెంటకుప్ప విలువ తెలుసు.

మాకు అన్నిటికన్నా కోపం తెప్పిస్తున్నది ఎండాకుల సంగతి. ఇంట్లో కంపోస్ట్ చేసేవాళ్లకు తడి చెత్తకు లోటుండదు, అది రోజూ వస్తుంది. కరువయ్యేది ఎండాకులే. రాలే కాలంలో గోతాల్లో నింపి దాచుకుంటే ఏడాదంతా సరిపోతాయి. కానీ చాలాచోట్ల జరుగుతున్నదేమిటి? ఆవరణంతా ఊడ్చి, కుప్ప పోసి, నిప్పు పెడతారు. లేదంటే ప్లాస్టిక్ సంచుల్లో కుక్కి డంపింగ్ యార్డుకు తోలతారు. ఆ తర్వాత అదే ఆవరణలోని పూలమొక్కలకు ఎరువు బస్తాలు కొంటారు! పొరుగువాళ్ల ఊపిరితిత్తుల్లోకి వెళ్లే పొగకు లేని అభ్యంతరం మూత పెట్టిన డబ్బాకు ఎందుకు?

పురపాలక సంస్థలదీ ఇదే తీరు. తడి, పొడి వేరు చేయకపోతే జరిమానా అంటారు. వేరు చేసి పెట్టిన రెండు డబ్బాలనూ కళ్లముందే ఒకే బండిలోకి ఒంపుతారు. ఒకసారి ఆ దృశ్యం చూసిన మనిషి మళ్లీ వేరు చేస్తాడా? ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్లలోనిదే. ఆ చెత్త డంపింగ్ యార్డులో గాలి తగలకుండా కింద పడి మగ్గితే మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 28 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచే వాయువు. దక్షిణ కొరియా 2005 నుంచి ఆహార వ్యర్థాలను నేరుగా పూడ్చడం ఆపేసింది. ఫ్రాన్స్‌లో తడి చెత్తను వేరుగా తీసుకునే ఏర్పాటు 2024 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది, ఇంటి దగ్గరి కంపోస్ట్ కూడా అందులో ఒక మార్గమే. ఇక్కడ మనం చేయి కడుక్కున్నంత సులువుగా నిషేధిస్తున్నాం.

ఇంటి డబ్బాలో ఎరువు తయారవ్వడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ముదరక ముందే వేస్తే వేళ్లు దెబ్బతింటాయి కాబట్టి తొందరపడడానికీ లేదు. అంత ఓపిక పట్టి, అందరి చెత్తలో తమ వంతు తగ్గిస్తున్నవాళ్లను సంఘం సమావేశంలో నిలబెట్టి సంజాయిషీ అడుగుతున్నారు. సంజాయిషీ చెప్పాల్సింది ఆకులు తగలబెట్టించినవాళ్లు, రెండు డబ్బాలను ఒక్క బండిలో కలిపించినవాళ్లు. కంపోస్ట్ డబ్బా పెట్టొద్దనే ఆ నిబంధనను వెంటనే కొట్టేయండి, గేటు పక్క తొట్టికి మూత పెట్టించండి, బండిలో రెండు అరలు పెట్టించండి. ఇవేవీ చేయకుండా పక్కింటి బాల్కనీ డబ్బా మీద ఫిర్యాదు రాయడానికి మీకు ఏ అర్హతా లేదు.