ఏప్రిల్ దాకా ఆగమంటే ఎలా?

మొన్న ఉగాది నాటి, ఇక్కడ ఇంగ్లండులోని మన తెలుగు సంఘం జనరల్ బాడీ మీటింగ్ ఎలా సాగిందో వచ్చినవాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. పంచాంగ శ్రవణం అయింది. పిల్లల డాన్సులు ఎప్పటిలాగే ఆలస్యమయ్యాయి. జమాఖర్చులు చదివేసరికి హాలు వెనక భోజనాల క్యూ కట్టేశారు. ఆ హడావుడిలో చివరి అంశంగా ఒక తీర్మానం పెట్టారు. సంఘం తరఫున నెలనెలా జరిగే నడకలు ఇకమీదట ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకేనట, చలికాలంలో ఉండవట. పెద్దవాళ్లు జారిపడుతున్నారట, ఇన్సూరెన్సు సంగతి తేలలేదట. చేతులెత్తమన్నారు. ప్లేట్లు పట్టుకున్న చేతులు కూడా లేచాయి. నేను మాట్లాడతానంటే, "రెండే నిమిషాలు అక్కా, అన్నం చల్లారిపోతుంది" అన్నారు. అందులో సగం వెనక వరసలోంచి వచ్చిన ఒక మాటకీ, దానికి పడ్డ నవ్వులకీ పోయింది.

"చలికి వణుక్కుంటూ కొండలెక్కడం మన సంస్కృతి ఎప్పటినుంచయిందండీ?"

ఆ మాటన్నాయన మీద నాకు కోపం లేదు. సంక్రాంతికి హాల్లో కుర్చీలన్నీ మోసేది ఆయనే. కానీ మాట గుచ్చుకుంది. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు వానలో తడుస్తూ నడిచేది మనవాళ్లు కాదా? అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి తిరుమల చేరేది ఎవరు? ఉగాదికి నల్లమల అడవిలోంచి శ్రీశైలం నడిచిపోయే కన్నడ భక్తులకి దారి పొడవునా అన్నం పెట్టేది ఎవరు? నడక మనది కాదంటే నేనొప్పుకోను.

ఇక కార్తీక వనభోజనాల సంగతి. పోయినేడు మనం వాటిని ఎక్కడ చేసుకున్నాం? కమ్యూనిటీ సెంటర్లో. గోడకి ఉసిరిచెట్టు ఫోటో అంటించి, దాని కింద బ్యాటరీ దీపం పెట్టి. నిజం దీపం పెడితే ఫైర్ అలారం మోగుతుందని భయం. గుత్తివంకాయ అమోఘంగా ఉంది, ఆ సంగతి వేరే. వనం అనేది ఆ హాలుకి అరగంట దూరంలో ఉంది. నార్త్ యార్క్ మూర్స్ అంటారు, 1952 నుంచి నేషనల్ పార్కుగా ఉంది. మూర్ అంటే పొదలు పరుచుకున్న ఎత్తయిన బీడు, హెదర్ అంటే ఊదా పూల పొద. ఇంగ్లండు మొత్తంలో ఇంత విస్తారంగా ఒకే చోట హెదర్ పరుచుకున్న మూర్ ఇంకోటి లేదు.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. మన నడకలు ఎక్కువగా నార్త్ యార్క్ మూర్స్‌లోనూ, దాని అంచున ఉన్న సముద్ర తీరం మీదా జరుగుతాయి. గ్రేట్ ఏటన్ నుంచి రోజ్‌బెరీ టాపింగ్ ఎక్కి, అక్కడి నుంచి కెప్టెన్ కుక్ స్తంభం దాకా ఒక దారి. సాల్ట్‌బర్న్ నుంచి స్టెయిత్స్‌కి కొండ అంచున ఇంకొకటి. రాబిన్ హుడ్స్ బే నుంచి రేవెన్‌స్కార్ పైకెక్కి, 1965లో మూతపడ్డ పాత రైలు దారి వెంట వెనక్కి రావడం మరొకటి. ఎండాకాలంలో ఇవన్నీ కిటకిటలాడతాయి, కారు పెట్టడానికి చోటుండదు. ఆగస్టులో మూర్ అంతా ఊదా రంగులో మెరిసిపోతుంది, అందరూ ఫోటోలు పెడతారు. జనవరిలో అదే మూర్ ఎండబెట్టిన చింతపండు రంగులో ఉంటుంది. ఎవరూ ఫోటోలు పెట్టరు. ఆ మూర్ నాకిష్టం. అయితే నా ఇష్టం కోసం ఇది రాయడం లేదు.

కనిగిరి వైపు నుంచి ఒక పెద్దాయన కొడుకు దగ్గరికి ఆరు నెలల వీసా మీద వచ్చారు. కొడుకూ కోడలూ ఇద్దరివీ షిఫ్టులే. ఆయన పొద్దున లేచేసరికి చీకటి, టీవీలో మన చానెళ్లు రెండు మార్చేలోపు మళ్లీ చీకటి. నవంబరులో వాళ్లబ్బాయి నాకు ఫోన్ చేసి, "అక్కా, నాన్న మూడు రోజుల్నుంచి మాట్లాడ్డం లేదు, మీ నడకకి తీసుకురమ్మంటారా?" అన్నాడు. తీసుకొచ్చాడు. నెత్తిన మంకీ టోపీ, కాళ్లకి అరువు బూట్లు, లోపల రెండు జతల సాక్సులు.

ఆ రోజు డాన్బీ దగ్గర లోయలో నడుస్తున్నాం. మొదటి గంట ఆయన నోరు విప్పలేదు. ఒక రాతిగోడ దగ్గర ఠక్కున ఆగిపోయారు. గోడకి అవతల పొలంలో స్వాలెడేల్ గొర్రెలు, నల్ల మొహం, తెల్ల మూతి, వంకీ తిరిగిన కొమ్ములు. కొన్నిటికి వెనక నడుం మీద నీలం రంగు పులిమి ఉంది.

"ఏందమ్మా, ఆ రంగేంది? అన్నిటికీ లేదే."

నేనిన్నేళ్లుగా చూస్తున్నాను, యజమాని గుర్తు అనుకునేదాన్ని. ఆయన గోడ మీద మోచేతులు ఆనించి కాసేపు చూసి, మందలో ఒక పొట్టేలుని వేలితో చూపించారు. దాని రొమ్ముకి అదే నీలం. "దానికి రంగు పూసి వదిలారు. ఎక్కినదానికల్లా అంటుద్ది. ఏది కట్టిందో తెలవడానికి. ఓరి వీళ్ల తెలివి పాడుగాను!"

అంతలో ఆ పొలం రైతు క్వాడ్ బైక్ మీద వచ్చాడు. ఎవరీ జనం అని చూడ్డానికే వచ్చుంటాడు. నేను మధ్యలో నిలబడి అటూ ఇటూ మాటలు చెప్పాను. పెద్దాయన ఊహించింది అక్షరాలా నిజం. పదహారు పదిహేడు రోజులకోసారి రంగు మారుస్తారట. మొదటిసారి కట్టనిది మళ్లీ ఎదకొస్తే మీద రెండో రంగు పడుతుంది, ఏది ముందు ఈనుతుందో ఏది తర్వాతో లెక్క తేలిపోతుంది. "మా వైపు పొట్టేలు ఏడాదంతా మందలోనే తిరుగుద్ది, ఈ లెక్కలెవరికి!" అన్నారు ఆయన. వేళ్లు మడిచి అయిదు నెలలు లెక్కపెట్టి, "ఏప్రిల్‌లో పిల్లలేస్తయ్" అని తేల్చారు. రైతు తల ఊపాడు. తర్వాత జోడిపి గొర్రెల గురించి చెప్పమన్నారు: తెల్లటి ఒళ్లు, కళ్ల చుట్టూ మూతి మీద నల్లమచ్చలు, బొచ్చు ఉండదు, ఎత్తు ఇదిగో ఇంత. నడుం పైకి చెయ్యి పెట్టి చూపించారు. రైతు నమ్మలేదు. మీకెన్ని ఉన్నాయని అడిగాడు.

"నూటేభై ఉండేయి. పిల్లోడు ఇక్కడికొస్తానన్నప్పుడు అమ్మేశా."

నేను అది ఇంగ్లీషులో చెప్తుంటే వాళ్లబ్బాయి వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు. చాలాసేపు కట్టుకున్నాడు.

ఆ తర్వాత ఆయన ఒక్క నడకా మానలేదు. గొర్రెల్ని పైన మూర్ మీద కంచె లేకుండా వదిలేసినా మంద తన మేరలోంచి బయటికి పోదనీ, తల్లి వెంట తిరిగిన పిల్ల ఆ మేర నేర్చుకుంటుందనీ ఇంకో రైతు చెప్తే, ఆ సంగతి ఆయన డిసెంబరంతా అందరికీ చెప్పారు. ఊరెళ్లాక ఏప్రిల్‌లో నాకు ఫోన్ చేశారు. నా క్షేమం ఆఖర్న అడిగారు. ముందు అడిగింది డాన్బీ గొర్రెలు ఈనాయా అని.

జనవరిలో పడింది కూడా ఆయనే. మీటింగ్‌లో "పెద్దవాళ్లు కొండల మీంచి జారిపడుతున్నారు" అని పేరు చెప్పకుండా అన్నది ఆయన గురించే. జరిగింది ఇది: రాబిన్ హుడ్స్ బేలో కారు దిగి, ఇంకా చెప్పులతోనే, బూట్ల కోసం డిక్కీ దగ్గరికి వెళ్తూ ఐసు మీద జారారు. మణికట్టు వాచింది, ఎక్స్‌రేలో ఎముకకేమీ కాలేదు. కొండ ఇంకా మొదలే కాలేదు. వాట్సాప్ గ్రూపులో నాలుగు చేతులు మారేసరికి కారు పార్కు కాస్తా కొండ అయిపోయింది. ఐసు మీద జారడమే కారణమైతే సంక్రాంతి ముగ్గుల పోటీ కూడా జూన్‌లో పెట్టుకోవాలి.

అలాగని భయపడేవాళ్ల మాట కొట్టిపారేయను. డిసెంబరులో ఇక్కడ మూడూ నలభైకే పొద్దుగూకుతుంది. మూర్ మీద పొగమంచు దిగితే పది అడుగుల అవతల మనిషి కనపడడు. రాబిన్ హుడ్స్ బే పక్కన బాగల్ హోల్ వైపు ఇసుక మీద నడవాలంటే ఆటుపోట్ల పట్టిక చూసుకోవాల్సిందే. ఇక్కడ సముద్రం మన చీరాల సముద్రంలా ఉన్నచోటే ఉండదు. నాలుగైదు మీటర్లు లేస్తుంది, కొండకీ నీళ్లకీ మధ్య మనిషి ఇరుక్కుపోగలడు. ఎవరికైనా ఏమైనా అయితే 999కి ఫోన్ చేసి పోలీసు అని, ఆపైన మౌంటెన్ రెస్క్యూ అని అడగాలి. వచ్చేవాళ్లు జీతగాళ్లు కాదు, వాలంటీర్లు. పైసా తీసుకోరు. వాళ్లని అనవసరంగా ఆదివారం మధ్యాహ్నం భోజనం మీంచి లేపకుండా చూసుకోవడం మన మర్యాద.

మన అలవాట్లని తప్పుపట్టే మనిషిని కాను నేను. ఫ్లాస్కులో మిరియాల చారు, డబ్బాలో పులిహోర, రాతిగోడ చాటున గాలి తగలకుండా కూర్చుని తినడం, దారిన పోయే ఇంగ్లీషు ముసలాయనకి ఓ కప్పు చారు పోసి ఆయన దగ్గు చూసి నవ్వడం, వీటిని ఏ క్లబ్బు నడకకీ మార్చుకోను. కానీ తొమ్మిదిన్నర అంటే పదకొండుకి రావడం చలికాలంలో పనికిరాదు. ఉన్న వెలుతురే ఏడెనిమిది గంటలు. ఒక్కో నడక కాగితం మీద మూడు గంటలే అనిపిస్తుంది. ఎక్కుడుకి 300 మీటర్లకి అరగంట కలపాలి, బురదకి ఇంకొంత, ఫోటోలకీ మనవాళ్ల కబుర్లకీ ఇంకో గంట. ఆలస్యంగా వచ్చినవాళ్ల కోసం ఆగి ఆగి మనం చీకట్లో దిగిన రోజులున్నాయి. తప్పు కాలానిది కాదు.

విటమిన్ డి కోసమని చలికాలం నడకలు సమర్థించేవాళ్లకి కూడా ఒక మాట. ఫార్మసిస్టుగా చెప్తున్నాను, అక్టోబరు నుంచి మార్చి మొదలు దాకా ఈ దేశపు ఎండలో మన చర్మానికి దొరికేది దాదాపు ఏమీ లేదు. మన రంగువాళ్లు ఏడాది పొడవునా రోజుకి 10 మైక్రోగ్రాముల మాత్ర వేసుకోవడం మంచిదని ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ చెప్తుంది. మాత్ర వేసుకోండి. నడక అందుకు కాదు.

"అది ఎవరి భూమో, మనల్ని చూసి ఎవరైనా ఏమైనా అంటే?" అని మీటింగ్ తర్వాత ఒకమ్మాయి చెవిలో అడిగింది. నాకు ఇదే అసలు కారణం అనిపించింది. మూర్‌లో చాలా భాగం ఇప్పటికీ ప్రైవేటు ఎస్టేట్లదే. ఒకప్పుడు ఇక్కడి ఇంగ్లీషు కూలివాళ్లని కూడా అడుగు పెట్టనిచ్చేవాళ్లు కాదు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ వైపు కార్మికులు గుంపుగా, అడుగుపెట్టనివ్వని కిండర్ స్కౌట్ అనే కొండ ఎక్కారు. అయిదుగురు జైలుకి పోయారు. ఆ పోరు ఎన్నో దశాబ్దాలు సాగి, 2000లో వచ్చిన చట్టంతో, మ్యాప్‌లో గుర్తించిన మూర్ మీద కాలినడకన తిరిగే హక్కు అందరికీ వచ్చింది. అందరికీ అంటే టీసైడ్ యూనివర్సిటీలో మాస్టర్స్ చదువుతూ రాత్రుళ్లు డెలివరీలు చేసే మన పిల్లలకి కూడా. వాళ్లకి హాలు టికెట్టు 25 పౌండ్లంటే ఆలోచించుకోవాలి. క్రిస్మస్ సెలవుల్లో హౌస్‌మేట్లు ఊళ్లకెళ్లాక గదిలో ఒక్కళ్లే ఉంటారు. వాళ్లకి ఫోన్ చేసి ఏప్రిల్‌లో రండి అని చెప్పాలా నేను?

కమిటీవారిని అడిగేది ఎక్కువేం కాదు. దీపావళి మీటింగ్‌లో ఈ తీర్మానాన్ని మళ్లీ చర్చకి పెట్టండి, ఈసారి భోజనాలకి ముందు. ఇన్సూరెన్సు మాట ఎత్తారు కాబట్టి, మన పాలసీలో నడకలు ఉన్నాయో లేవో కాగితం తెచ్చి చదవండి. లేకపోతే కలపడానికి ఎంతవుతుందో కనుక్కోండి. ఇద్దరికి ఫస్ట్ ఎయిడ్ ట్రైనింగ్ ఇప్పించండి. బదులుగా మేము రాసిస్తాం: తొమ్మిదిన్నరకి బయల్దేరతాం, ఎవరి కోసమూ ఆగం. తలకి టార్చి, వానకోటు లేనివాళ్లని తీసుకెళ్లం. రెండున్నరకల్లా కార్ల దగ్గరుంటాం. వాతావరణం బాగాలేదంటే ముందురోజు రాత్రే రద్దు చేస్తాం.

మంచి బూట్లు లేక రానివాళ్లు చాలామంది ఉన్నారు. ఒకసారి కొని, రెండుసార్లు వేసి, లాఫ్ట్‌లో పడేసినవాళ్లు అంతకన్నా ఎక్కువమంది ఉన్నారు. దీపావళి రోజు హాలు గుమ్మం పక్కన ఒక అట్టపెట్టె పెడతాను. మగవాళ్లవి 8, 9 సైజులు, ఆడవాళ్లవి 4, 5 ఎక్కువగా కావాలి. బురద కడగకపోయినా ఫరవాలేదు, లేసులు మాత్రం ఉండేలా చూడండి.