బేస్ వాయించువాడు కావలెను

విశాఖపట్నంలో రాక్ బ్యాండు పెట్టదలచినవారు ముందుగా తేల్చుకోవలసింది పేరు. పాటల సంగతి తర్వాత. పేరులో చీకటో, నెత్తురో, బూడిదో తగలాలి. అది కుదిరాక నల్ల టీషర్టులు, వాటి మీద ఎవరూ చదవలేని లోగో, ఆపైన బీచ్ రోడ్డులో కురుసురా జలాంతర్గామి ముందు ఫొటో. మే నెల మిట్టమధ్యాహ్నమైతే శ్రేష్ఠం. ఎవరూ నవ్వరాదు. ఆ జలాంతర్గామి 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో కొలువు చేశాకే ప్రదర్శనకని ఒడ్డెక్కింది. మన బ్యాండు మధ్యలో ఆ చాకిరీ అంతా మినహాయించి నేరుగా ప్రదర్శన దగ్గర మొదలుపెడుతుంది. దీన్ని ప్రగతి అనే అనాలి.

సభ్యుల ఎంపికలో చిక్కు ఒకటే. గాజువాక నుంచి మధురవాడ దాకా గిటారిస్టులకు కొదవ లేదు, బేస్ (లోతైన స్వరాలు పలికే నాలుగు తీగల గిటారు) వాయించేవాడు మాత్రం దొరకడు. అందుకని గిటారు పోటీలో ఓడినవాడికి రెండు తీగలు తగ్గించి బేస్ చేతికిస్తారు. ఈ శిక్షలో ఇంకో మెలిక ఉంది. బేస్‌లో లావుపాటి తీగ సుమారు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. సెల్‌ఫోన్ స్పీకరు ఆ లోతులో మూగది. అందుకే ఫోన్లో పాట విన్న వాళ్లమ్మ "ఏటి నానా, ఇందులో నువ్వెక్కడున్నావు?" అని అడుగుతుంది. బేస్‌కు కాస్త డిస్టార్షన్ (శబ్దాన్ని కావాలని గరగరలాడించడం) కలిపితే పై హార్మోనిక్స్, అంటే మూలస్వరానికి పైన పలికే స్వరాలు, మొలిచి ఫోన్లోనూ ఉనికి తెలుస్తుంది. అయితే డిస్టార్షన్ గిటారిస్టుల జన్మహక్కు. ప్రతిపాదన వీగిపోతుంది.

డ్రమ్మరుకు కావలసిన అర్హత డాబా మీద గది. లయజ్ఞానం ఉంటే అది అదనపు అర్హత.

ఆ గది పదికి పది, ఎత్తూ ఇంచుమించు పదే. శబ్దానికి ఇంతకంటే చెడ్డ కొలత లేదు. పదడుగుల ఎడంలో ఉన్న రెండు గోడల మధ్య 56, 57 హెర్ట్జ్ దగ్గర శబ్దం నిలిచిపోయి గుమ్ముమంటుంది. మూడు కొలతలూ ఒకటే కావడంతో మూడు గుమ్ములూ ఒకేచోట పోగవుతాయి. బేస్‌లో 'ఏ' తీగను ఖాళీగా మీటితే వచ్చేది 55 హెర్ట్జ్. అందువల్ల ఆ ఒక్క స్వరానికి కిటికీ రెక్కలు వణుకుతాయి, వేరే స్వరాలకు బేస్ ఉందా లేదా అని సందేహం వస్తుంది. ఆంప్‌ను, అంటే శబ్దం పెంచే పెట్టెను, గుమ్ము తగ్గడానికి మూలలోంచి జరపొచ్చు. రికార్డింగులోనైతే ఆంప్ జోలికే పోకుండా డీఐ బాక్సు అనే చిన్న పెట్టె ద్వారా బేస్ సిగ్నల్‌ను నేరుగా పంపొచ్చు.

బ్యాండు మాత్రం కోడిగుడ్ల అట్టలు తెస్తుంది. ముప్ఫై గుడ్ల అట్ట దాదాపు అడుగుకు అడుగు ఉంటుంది కాబట్టి నాలుగు గోడలకు 400 దాకా పడతాయి. అవి సింబల్స్ (డ్రమ్ముల పక్కనుండే లోహపు పళ్లేలు) మెరుపును కొంత మింగుతాయి, కాలితో మోగించే కిక్ డ్రమ్మును మాత్రం సాదరంగా సాగనంపుతాయి. శబ్దాన్ని ఆపేవి బరువు, గాలి చొరబడని బిగింపు. అట్టకు బరువు లేదు, తలుపు కింద అంగుళం సందు అలాగే ఉంది. పైగా నిప్పురవ్వ పడితే భగ్గుమంటాయి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 అని 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు. గదిలో డ్రమ్ములు 100 దాటడం మామూలే. కింద అంతస్తు పిన్నిగారు ఈ అంకెలతో పని లేకుండానే "ఏటర్రా గుంటలూ, ఆ గోల!" అని తీర్పు చెబుతారు.

ఉక్కు కర్మాగారం ఉన్న ఊళ్లో ఉక్కు తీగలు తుప్పు పట్టడం కూడా గమనార్హం. ఉప్పుగాలి, తేమ, వేళ్ల చెమట కలిసి ముందుగా సన్నతీగల పని పడతాయి. వాయించాక పొడిగుడ్డతో తుడిచి, సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టెలో పెడితే ఎక్కువకాలం బతుకుతాయి. కానీ గిటారును సముద్రంవైపు కిటికీ పక్కన వేలాడదీస్తేనే వీడియోలో బాగుంటుందని సభ్యుల ఏకగ్రీవ అభిప్రాయం.

ఇక రికార్డింగు. కొనేది రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ (మైకు శబ్దాన్ని కంప్యూటరుకు ఎక్కించే పెట్టె), రికార్డు చెయ్యవలసినవి డ్రమ్ముల్లోనే కిక్, స్నేర్, రెండు టామ్‌లు, సింబల్స్. ఒక మైకు కిక్ ముందు, ఒకటి డ్రమ్మరు తలపైన పెట్టి సరిపెట్టుకోవచ్చు, బాగానే వస్తుంది. లయ తప్పకుండా చెవిలో టిక్కుమనే క్లిక్ పెట్టుకోమంటే మాత్రం "ఫీల్ పోద్ది" అంటాడు డ్రమ్మరు. ఫీల్ నిలుస్తుంది. నిమిషానికి 120 దెబ్బల వేగంతో మొదలైన పాట 138తో ముగుస్తుంది. ఒక చరణం కోసి ఇంకోచోట అతికిద్దామంటే కుదరదు.

తర్వాత గిటారు వంతు. లాప్‌టాప్‌లో బఫర్ (శబ్దాన్ని ముందు కాస్త పోగుచేసుకునే చోటు) 1024 శాంపిల్స్ మీద ఉంటే, 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 44,100 శాంపిల్స్ చొప్పున, ఒక్క బఫరుకే 23 మిల్లీసెకన్లు. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ కలిపితే ఇంకా ఎక్కువ. తన మీటు తనకే ఆలస్యంగా వినబడి గిటారిస్టు తడబడతాడు, డ్రమ్మరును తిడతాడు. బఫరు 128కి దించితే 3 మిల్లీసెకన్లే. అయినా మనిషిని తిట్టడానికి సెట్టింగు వెతకనక్కర్లేదు గదా.

ఈ మొత్తంలో శ్రుతి తప్పని సభ్యుడు ఒక్కడే, 50 హెర్ట్జ్ కరెంటు గుర్రు. మూడో పిన్ను విరిచేసిన ప్లగ్గు, ఎర్తింగు లేని సాకెట్టు దాని జన్మస్థానాలు. తీగల మీద చెయ్యి వేస్తే అది తగ్గుతుంది, గాయకుడి పెదవి మైకుకు తగిలితే ఒక్కోసారి షాకు కూడా కొడుతుంది. ఆ కేకను చాలామంది హై నోట్ అనుకుంటారు. ఇది మాత్రం వెటకారం కాదు: ముందు ఎలక్ట్రీషియన్ని పిలవండి.

మిక్సింగు నాడు అందరూ హాజరు. "నాది ఒక్క డీబీ పెంచు" అని ఒకరు, "అయితే నాదీ" అని ఇంకొకరు. మీటరు గరిష్ఠ హద్దయిన సున్నా తాకి, అన్ని వాయిద్యాలూ కలిసి ఒకే ఇటుకగా బయటికొస్తాయి. ట్రాకులు గరిష్ఠంగా −10 డీబీ దగ్గర ఉంచి, పెంచడానికి బదులు పక్కవాటిని తగ్గిస్తే చోటు మిగిలేది. పైగా పాటలు వినిపించే స్పాటిఫై దాదాపు −14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (అది చెవికి తోచే శబ్దతీవ్రత కొలత) తనే దించేస్తుంది, ఇంత పోరాడి పెంచిన గోల అక్కడ ఉత్త గరగర.

ఈలోగా ఒక గిటారిస్టుకు బెంగళూరులో ఉద్యోగం వస్తుంది. పోయేముందు ప్రతి ట్రాకునూ పాట మొదటి క్షణం నుంచే కుదించని వేవ్ ఫైళ్లుగా దాచుకోవడం మంచిది. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో నాలుగు నిమిషాల పాటకు 16 మోనో ట్రాకులు సుమారు 550 ఎంబీ. చిన్న పెన్‌డ్రైవులో పడుతుంది. ఆ పెన్‌డ్రైవుకు చందా ఎవరు వెయ్యాలన్న దగ్గర సమావేశం వాయిదా పడుతుంది.