ఆకు ముందు నుంచి లేపకూడదు

బెజవాడలో మూతపడనిదంటూ లేదు. కాళేశ్వరరావు మార్కెట్టు మూస్తారు. రాత్రయితే బీసెంట్ రోడ్డులో షట్టర్లు దించేస్తారు. ఇంద్రకీలాద్రి మీద సాక్షాత్తు అమ్మవారికే పవళింపు సేవ చేసి తలుపులు వేస్తారు, గ్రహణం పడితే పట్టపగలే వేస్తారు. ఎంత తొందరున్న భక్తుడైనా సంప్రోక్షణ అయ్యేదాకా నోరెత్తకుండా ఆగుతాడు. ఈ ఊళ్ళో క్షణం కూడా ఆగడానికి వీల్లేనిది ఒక్కటే. అది మా కేటరింగ్ కంపెనీ వెబ్‌సైటు.

కంపెనీ పటమటలో, ఒక మందుల షాపు పైన ఉంది. బంతికి ఎంతమంది, బూరెలా బొబ్బట్లా, ఐస్‌క్రీమ్ కౌంటరు పెట్టాలా వద్దా అన్న జాతీయ ప్రాముఖ్యం గల సమాచారం ఆ సైటులో నమోదవుతుంది. రోజంతా వచ్చే జనాన్ని పల్లెవెలుగు బస్సులో ఎక్కిస్తే, కండక్టరు ఇంకా పిలుస్తూనే ఉంటాడు. అయినా సరే, అది ఏడాదిలో 99.999 శాతం సమయం బతికి ఉండాలని, అంటే ఏడాది మొత్తం మీద 5 నిమిషాల 15 సెకన్లకు మించి కన్ను మూయరాదని, చేరిన రోజే నాకు చెప్పారు. నా వారపు సెలవు గురించి మాత్రం ఇంత కచ్చితమైన అంకెలేవీ చెప్పలేదు.

"రాత్రి రెండింటికి పది నిమిషాలు ఆపి కొత్త వెర్షన్ పెట్టేస్తాను సార్" అన్నాను ఒకసారి.

"రెండింటికే కదయ్యా డాలస్ వాళ్ళు చూసేది" అన్నారు మా ప్రొప్రయిటరు గారు.

మూఢం వస్తోంది కదా, ముహూర్తాలుండవు, పంచాంగకర్తలు మనకోసమే ఇంత పొడుగు మెయింటెనెన్స్ విండో రాసిపెట్టారు, అప్పుడు చేద్దామన్నాను. "మూఢంలోనే కదయ్యా జనం తీరిగ్గా కూర్చుని లెక్కలేసుకునేది" అన్నారు. ఆషాఢం సంగతి ఇక ఎత్తలేదు. ఆయన శుక్రవారం మంచిదంటారు, మా వృత్తిలో శుక్రవారం సాఫ్ట్‌వేర్ మార్చినవాడు శని, ఆదివారాలు పోగొట్టుకుంటాడు. మంగళవారం నాకు మంచిది, ఆయన ఒప్పుకోరు. మిగిలిన రోజుల్లో రాహుకాలం తీసేస్తే వచ్చేదే మా రిలీజు క్యాలెండరు.

అసలు ఎట్లా మార్చాలో కూడా ఆయనే చెప్పారు. "చిన్నప్పుడు గుంటూర్లో ఒక పెళ్ళికి వడ్డనకి పోయా. నడిమధ్యలో వంటమాస్టరు అలిగెళ్ళిపోయాడు. తెనాలి నుంచి ఇంకో మాస్టర్ని పట్టుకొచ్చారు. ఆకు ముందు కూర్చున్నోళ్ళకి ఆ ముక్క తెలిస్తే ఒట్టు. సాంబారు ఆగలా. అట్టా మార్చు."

నాలుగేళ్ళ ఇంజనీరింగులో నాకెవరూ ఇంత సూటిగా చెప్పలేదు. ప్రపంచంలోని సర్వర్ శాస్త్రమంతా ఆ రెండు ముక్కల్లోనే ఉంది: వంటవాడు మారాలి, ఆకు ముందు కూర్చున్నవాణ్ణి లేపకూడదు.

వరద వచ్చాక గేట్లు చేయించుకునే బరాజు ఎక్కడా ఉండదు. ప్రకాశం బరాజుకు 1957లోనే 70 గేట్లు సిద్ధం చేసి పెట్టారు. సైటు అడిగినవాళ్ళకు పేజీలు వడ్డించే ప్రోగ్రామును సర్వరంటారు. వాటిలో ప్రీఫోర్క్ రకానిదీ అదే బుద్ధి. కస్టమరు గుమ్మంలోకి వచ్చాక పనివాణ్ణి పుట్టించడం ఆలస్యమని, కొందరిని ముందే పుట్టించి నిలబెడుతుంది. అపాచీ అనే సర్వరులో మనం వేరే చెప్పకపోతే మొదట ఐదుగురు పిల్లలు. ఖాళీగా నిలబడ్డవాళ్ళు ఐదుగురికి తగ్గితే ఇంకొందరిని కంటుంది, పదిమంది దాటితే మిగులువాళ్ళను వదిలించుకుంటుంది. ఎంత రద్దీ అయినా 256 దాటనివ్వదు. ఇంత కచ్చితమైన కుటుంబ నియంత్రణ ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాలేదు.

ఈ కుటుంబంలో తండ్రి ప్రాసెస్, అంటే మిగతావాళ్ళను పుట్టించే మొదటి ప్రోగ్రాము, ఏ కస్టమరుకూ గ్లాసుడు మంచినీళ్ళు కూడా ఇవ్వడు. గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఎవడు పడిపోయాడో చూసి ఇంకొకణ్ణి కంటుంటాడు. వెబ్‌సైట్లకు కేటాయించిన 80వ నంబరు తలుపు తెరవడానికి రూట్ అధికారం, అంటే కంప్యూటరు మీద సర్వాధికారం, కావాలి, అది ఆయనకే ఉంటుంది. పని చేయాల్సిన పిల్లల చేతుల్లోంచి ఆ అధికారం పీకేశాకే వడ్డనకు పంపుతాడు. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ పాత సంప్రదాయంలో ఆ పిల్లలు ఏ పేరు మీద పనిచేసేవారంటే, 'నోబడీ' అనే పేరు మీద. ఎవరూ కానివాడు. యూజర్ల జాబితాలో నిజంగానే ఆ పేరుతో ఒక ఖాతా ఉంటుంది. ఇక్కడ పని చేసేదెవరయ్యా అంటే 'ఎవరూ కాదు' అని రికార్డులోనే రాసిపెట్టిన వ్యవస్థ నాకు ఇదొక్కటే తెలుసు. మిగతాచోట్ల మనమే కనిపెట్టుకోవాలి.

ఆస్తి పంపకాలు కూడా చూడాలి. ఫోర్క్ అవగానే, అంటే పిల్ల పుట్టగానే, తండ్రి జ్ఞాపకాలన్నీ పిల్లకు వస్తాయి, కానీ నిజంగా పంచరు. అంతా ఉమ్మడి. ఎవడైనా ఒక పేజీ మీద రాయబోతే అప్పుడు ఆ ఒక్క పేజీకే కాపీ తీసి చేతిలో పెడతారు. రాయనంతకాలం అందరిదీ ఒకటే పొలం. మా పెదనాన్నలు ముగ్గురూ ఈ పద్ధతిలో పదకొండేళ్ళు బతికారు, తర్వాత ఒకాయన రాశారు.

చనిపోయిన పిల్ల విషయంలో మాత్రం యూనిక్సుకూ మనకూ తేడా లేదు. పిల్ల పోయినట్టు తండ్రి వచ్చి సంతకం పెట్టేదాకా దాని పేరు జాబితాలోంచి తీయరు. అలాంటివాటిని జాంబీలంటారు. తినవు, పనిచేయవు, పేరు మాత్రం ఉంటుంది. ఓటర్ల జాబితా చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు.

మొదట్లో ఒక కస్టమరు రాగానే నిద్రపోతున్న పిల్లలందరూ ఒక్కసారే లేచి పరిగెత్తేవారు. ఒకడికి దొరికేది, మిగతావాళ్ళు ఉసూరుమంటూ మళ్ళీ పడుకునేవారు. నెహ్రూ బస్టాండులో తెల్లవారుజామున సూట్‌కేసుతో దిగి చూడండి, అర్థమవుతుంది. అపాచీవాళ్ళు ఒక తాళం పెట్టి, తాళం దొరికినవాడే తలుపు దగ్గర నిలబడాలన్నారు. ఆటోస్టాండులో సీరియల్ పెట్టారన్నమాట. బస్టాండులో ఆ సంస్కరణ ఇంకా రావాలి.

ఇక అసలు ఘట్టం, మార్పిడి. అపాచీకి మర్యాదగా రీస్టార్ట్ చెప్తే పిల్లలు ఒక్కొక్కరే చేతిలో పని ముగించుకుని పోతారు, వాళ్ళ స్థానంలో కొత్త సెట్టింగులతో కొత్తవాళ్ళు వస్తారు. తండ్రి మాత్రం మారడు. ఆయన ప్రోగ్రామే పాతబడితే దుకాణం కట్టి మళ్ళీ తెరవాల్సిందే. కార్యకర్తలు మారతారు, అధ్యక్షుడు మారడు అనే ఈ సూత్రం మన ప్రాంతంలో బాగానే నడుస్తుంది గానీ, మా ప్రొప్రయిటరు గారు ఒప్పుకోలేదు. అందుకని 2004లో బయటికొచ్చిన ఇంకో సర్వరు ఎన్‌జిన్‌ఎక్స్‌ను ముందు పెట్టాం. దాంట్లో తండ్రిని కూడా మార్చవచ్చు.

ఎలాగంటే, పాత తండ్రికి యూఎస్ఆర్2 అనే సిగ్నల్, అంటే ప్రోగ్రాముకు చేసే సైగ, పంపాలి. ఆయన తన నంబరు రాసుకున్న కాగితం చివర 'ఓల్డ్‌బిన్' అని తానే తగిలించుకుంటాడు. మాజీ అని బోర్డు ముందే రాయించుకున్నవాణ్ణి మీరు ఇంకెక్కడైనా చూశారా? తర్వాత కొత్త తండ్రిని పుట్టించి, తెరిచి ఉన్న తలుపును తెరిచి ఉండగానే అతని చేతికి అప్పగిస్తాడు. కాసేపు ఇద్దరు యజమానులు, రెండు బంతులు, ఒకటే గుమ్మం. కొత్తవాడు బాగానే ఉన్నాడనుకుంటే పాతాయనకు వించ్ అనే ఇంకో సిగ్నల్ పంపాలి, ఆయన పిల్లలు ఆకుల ముందున్నవాళ్ళకు మజ్జిగ దాకా వడ్డించి ఇంటికి పోతారు. చివరికి క్విట్ పంపితే ఆయనా పోతాడు. కొత్తవాడు పనికిరాడని తేలితే, పాతాయనకు హప్ అని కబురంపితే చాలు, మళ్ళీ పిల్లల్ని కని పని మొదలుపెడతాడు. అలిగినట్టుగానీ, నేనప్పుడే చెప్పానన్నట్టుగానీ ఎక్కడా కనిపించదు. ఈ ప్రాసెస్‌కు ఏ పార్టీ టికెట్టయినా ఇవ్వవచ్చు. కానీ ఇవ్వరు.

వించ్ అనేది నిజానికి కమాండ్లు టైపు చేసే టెర్మినల్ కిటికీ సైజు మారిందని చెప్పడానికి పెట్టిన సిగ్నల్. వెనకాల నడిచే సర్వరుకు కిటికీ ఏముంటుందిలే అని పనివాళ్ళను ఇంటికి పంపడానికి వాడుకున్నారు. అపాచీ కూడా అదే వాడుకుంది. దాన్ని టెర్మినల్ ముందువైపు నడుపుతూ కిటికీ మూల పట్టుకుని లాగితే, అది నిజంగానే దుకాణం సర్దేస్తుంది. ఇన్ని రకాల మర్యాదలనూ పంపే కమాండు పేరు 'కిల్'. 'బాబూ, నిదానంగా భోంచేసి వెళ్ళండి' అనడానికి యూనిక్సులో 'చంపు' అనాలి. మా హెచ్ఆర్ విభాగం దీన్ని తిరగేసి వాడుతుంది. అక్కడ మాటలన్నీ దయచేసి, కృతజ్ఞతలు అనే ఉంటాయి.

ఒకే మాటకు ఒకే అర్థం ఉంటే నా జీతానికి అర్థం ఉండేది కాదు. ఎన్‌జిన్‌ఎక్స్‌లో క్విట్ అంటే నెమ్మదిగా వెళ్ళు, టర్మ్ అంటే వెంటనే పో. దాని వెనకాల మేం పెట్టుకున్న గూనికార్న్ అనే సర్వరు కూడా ప్రీఫోర్క్ వంశమే, కానీ అక్కడ టర్మ్ అంటే నెమ్మదిగా, క్విట్ అంటే వెంటనే. వియ్యాలవారింట్లో 'వెళ్తాను' అనకూడదు, 'వెళ్ళొస్తాను' అనాలి, అని తెలిసి కూడా నోరు జారినవాడి గతే నాకూ పట్టింది. ముందువాడి అలవాటులో వెనకవాడికి క్విట్ పంపాను. చివరి బటను నొక్కుతున్న ఒక పెళ్ళికూతురి నాన్నగారిని ఆకు ముందు నుంచి లేపేశాను. ఆయన ఫోన్ చేసి అడిగింది రాయదగ్గది కాదు.

ఇంకోసారి ఎవర్నీ లేపలేదు, అదే కొంప ముంచింది. కొత్త వెర్షన్‌తో పాటు డేటాబేసులో 'ఫోన్' అనే గడి పేరు 'మొబైల్' అని మార్చాను. బంతులు రెండైనా వంటిల్లు ఒకటేనన్న సంగతి అప్పటికి తట్టలేదు. కొత్త పిల్లలు మొబైల్ అడిగి తీసుకుంటున్నారు, పాత పిల్లలు ఇంకా ఫోన్ అడిగి లేదనిపించుకుంటున్నారు. గడి పేరు మార్చడం అనే ఒక్క పనిని మూడు విడతల్లో చేయాలని, ముందు కొత్త గడి పెట్టి రెంటిలోనూ రాసి, పాతవాళ్ళందరూ పోయాకే పాతది తీయాలని ఆ రాత్రి నేర్చుకున్నాను. సర్వరు మాత్రం క్షణం కూడా ఆగలేదు. తప్పు జవాబులూ క్షణం ఆగలేదు. డ్యాష్‌బోర్డు పచ్చగా వెలుగుతూనే ఉంది, ప్రొప్రయిటరు గారు భుజం తట్టి "శభాష్" అన్నారు.

2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బరాజును గుద్ది గేట్ల కౌంటర్ వెయిట్లు విరగ్గొడితే, వాటిని మార్చడానికి గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారిని పిలిచారు. కృష్ణమ్మకు 'అసౌకర్యానికి చింతిస్తున్నాం' అని బోర్డు పెట్టలేం. మా సైటుకు పెట్టొచ్చు. పెట్టనివ్వరు.

కిందటి నెల ఎన్‌జిన్‌ఎక్స్‌కు భద్రతా సవరణ వచ్చింది. బుధవారం, వర్జ్యం వెళ్ళాక, యూఎస్ఆర్2 కొట్టాను, వించ్ కొట్టాను. సాంబారు ఆగలేదు. పాత పిల్లలు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, ఒక్కడు తప్ప. జాబితాలో వాడి పేరు పక్కన 'వెళ్ళిపోతున్నాడు' అన్న అర్థంలో ఒక మాట కనిపిస్తుంది. మర్నాడు చూసినా వెళ్ళిపోతూనే ఉన్నాడు. మూడో రోజూ వెళ్ళిపోతూనే ఉన్నాడు. వాడు పోతేగాని పాత తండ్రి పోడు. ఆకులు ఎత్తేసి, పందిరి విప్పేసినా మజ్జిగ గ్లాసు పట్టుకుని కూర్చున్న ఆ పెద్దమనిషి ఎవరా అని కనెక్షన్లు తీసి చూశాను. అవతలి చిరునామా మా ఆఫీసుదే.

ప్రొప్రయిటరు గారి గదిలో గోడకు పెద్ద టీవీ ఉంది. దాంట్లో రోజంతా ఆర్డర్ల బోర్డు నడుస్తుంది, మూలన సైటు బతికే ఉందని చెప్పే పచ్చచుక్క. ఆ పచ్చచుక్క కోసం తెరిచిన వెబ్‌సాకెట్ అనే తెగని కనెక్షను పాతవాణ్ణి పట్టుకుని వదలడం లేదు. ఇలాంటివాళ్ళకు గడువు పెట్టే డైరెక్టివ్, అంటే సెట్టింగు, ఒకటి ఉంది. పెడితే ఆకు ముందు నుంచి లేచేది ఆయనే.

"సార్, ఆ టీవీ ఒక్క నిమిషం ఆపుతారా?"

"సైటు ఆగకూడదని నేను మొత్తుకుంటంటే, టీవీ ఆపమంటావేందయ్యా?"

మొన్న ఆదివారం పటమటలో మధ్యాహ్నం దాకా కరెంటు లేదు. ఆశగా పైకెళ్ళి చూశాను. టీవీకి ఇన్వర్టర్ పెట్టించారు.