ముందు ఇంజిన్ తేలనివ్వండి

గేమ్ తయారు చేస్తామని బయల్దేరే కుర్రాళ్లకు పెద్దవాడిగా నేను చెప్పేది ఒక్కటే: తొందరపడి గేమ్ జోలికి పోకండి. ముందు ఇంజిన్, అంటే గేమ్ కట్టే సాఫ్ట్‌వేర్, ఏదో తేల్చుకోండి. ఆరేళ్లుగా నేను చేస్తున్నది ఆ పనే. ఇంతవరకూ ఒక్క గేమూ పూర్తి చేయలేదు కాబట్టి నా అభిప్రాయాలకు పక్షపాతం అంటుకునే ప్రమాదమూ లేదు.

నా గేమ్ అష్టాచమ్మా. పాతిక గళ్లు, నాలుగు గవ్వలు. దానికి మొదట యూనిటీ అనే ఇంజిన్‌ని ఎంచుకున్నాను. అందులో కోడు రాసే సీషార్ప్ భాష కోసం కాదు, ఫోన్ గేములకు దానికున్న పేరు చూసీ కాదు. అంతకుముందు డబ్బు కట్టినవాళ్లకే దక్కిన నల్లటి థీమ్‌ని 2020లో అందరికీ ఇచ్చారు. బూడిదరంగు తెర ముందు కూర్చుని మంచి గేమ్ చేసినవాడు ఎవడైనా ఉన్నాడా? బోలెడుమంది ఉన్నారట. అది ఇక్కడ అప్రస్తుతం.

2023 సెప్టెంబరులో నెత్తిన పిడుగు పడింది. ఇకపై ఇన్‌స్టాల్‌కి ఇంత అని రుసుము వసూలు చేస్తామని యూనిటీ ప్రకటించింది. ఉచిత ప్లాన్ వాళ్లకైతే ఏడాది రాబడి 2 లక్షల డాలర్లు, మొత్తం ఇన్‌స్టాళ్లు 2 లక్షలు, రెండూ దాటాకే ఈ బాదుడు. అమెరికా లాంటి చోట్ల ఒక్కోదానికి 20 సెంట్లు. అప్పటికి నా సగం గేమ్ ఉన్నవి మూడు ఫోన్లు: నాది, మా ఆవిడది, మా బావమరిదిది. వాడు ఆ సాయంత్రమే తీసేశాడు. అయినా నాకు నిద్ర పడితేనా! డల్లాస్ తెలుగువాళ్లంతా ఎగబడి 10 లక్షల ఇన్‌స్టాళ్లు అయితే? మొదటి 2 లక్షలు పోను 8 లక్షలకు లెక్కగడితే 1,60,000 డాలర్లు. అర్ధరాత్రి మా ఆవిడను లేపి, "ఇంత డబ్బు ఎక్కణ్నుంచి తెస్తామే?" అని అడిగాను. "ఆలు లేదు, చూలు లేదు..." అని మొదలుపెట్టి, సోమలింగం దాకా వెళ్లకుండానే అటు తిరిగి పడుకుంది.

ఏడాది తిరక్కుండానే కాదు, సరిగ్గా ఏడాదికి ఆ రుసుము ఎత్తేశారు. నాకు ఒళ్లు మండింది. అప్పటికే నేను ఆత్మగౌరవంతో గొడో అనే ఇంకో ఇంజిన్‌కి మారిపోయాను మరి.

గొడో 2014 నుంచి ఓపెన్ సోర్స్, అంటే దాని కోడు ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు. రాయల్టీ లేదు, రుసుము లేదు, తిట్టుకోవడానికి యజమాని కూడా లేడు. అదొక్కటే లోటు. ఎంతకీ రాని మనిషి కోసం ఎదురుచూసే నాటకం నుంచి దానికా పేరు వచ్చింది. నా గేమ్‌కి ఇంతకన్నా తగిన ఇంజిన్ ఉంటుందా? గొడో అనాలా, గోడాట్ అనాలా అన్న దగ్గర మూడు నెలలు గడిచాయి.

ఇప్పుడు మనసు అన్‌రియల్ అనే మూడో ఇంజిన్ మీదికి పోతోంది. రాబడి 10 లక్షల డాలర్లు దాటితే 5 శాతం ఇవ్వాలి, ఇద్దాం, పోనీ. దాని వెలుగునీడల హంగు ల్యూమెన్‌లో గవ్వ వీపు మెరిసే తీరు చూడాలి! ఆ మెరుపు లెక్కలు కట్టే షేడర్లు కంపైల్ అయ్యేలోగా రెండు టీలు తాగొచ్చు. ఇది పైకి చెప్పరు గానీ, ఇంజిన్ ఎంపికలో ముఖ్యమైన సంగతి.

నిన్న అలా టీ కలుపుకోవడానికి లేస్తే, మా అమ్మాయి గచ్చు మీద సుద్దముక్కతో గళ్లు గీసి, పక్కింటి పిల్లతో రెండో ఆట ఆడుతోంది. "లైసెన్స్ ఏంటో చూసుకున్నావా?" అని అడిగాను.

"జరుగు నాన్నా, గడి తొక్కుతున్నావ్" అంది.