క్యాన్సర్ వచ్చిన అదృష్టవంతులారా!

పొద్దున్నే మా ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫార్వర్డ్. క్యాన్సర్ వచ్చినవాళ్ళకి అల్జీమర్స్ వచ్చే అవకాశం తక్కువట. కింద మా పెద్దమ్మ కొడుకు వ్యాఖ్యానం: "పిన్నికి ఇంక మతిమరుపు భయం లేనట్టే!" చేతులు జోడించిన బొమ్మొకటి. దానికి లైకులే లైకులు.

పిన్ని అంటే మా అమ్మ. రొమ్ము క్యాన్సర్, ఆపరేషన్, కీమో అన్నీ దాటొచ్చిన మనిషి. వీళ్ళు గ్రూపులో పండగ చేసుకుంటున్న టైముకి ఆవిడ మంచం మీద మాత్రల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వారానికి ఏడు గళ్ళుంటాయి చూడండి, ఆ డబ్బా. ఇవాళ బుధవారం. మంగళవారం గడి నిండుగా ఉంది, గురువారం గడి ఖాళీ. "నేను వేసుకున్నానంటావా?" అని నన్ను అడుగుతోంది. ఏం చెప్పను? గ్రూపులో అడిగి చెప్తానమ్మా, అక్కడ చాలామంది న్యూరాలజిస్టులున్నారు అనాలనిపించింది.

పోనీ అది ఉత్త అబద్ధమా అంటే కాదు. అందుకే ఇంకా మంట. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం వాళ్ళు 65 దాటిన 1,278 మందిని ఏళ్ళ తరబడి గమనించి 2012లో చెప్పారు: క్యాన్సర్ నుంచి బయటపడ్డవాళ్ళకి అల్జీమర్స్ ముప్పు 33 శాతం తక్కువ, అల్జీమర్స్ ఉన్నవాళ్ళకి క్యాన్సర్ ముప్పు 61 శాతం తక్కువ అని. పిన్1 అనే ఎంజైము క్యాన్సర్ కణాల్లో ఎక్కువ, అల్జీమర్స్ మెదడులో తక్కువ, గుట్టు అక్కడ ఉండొచ్చని కొందరి ఊహ. క్యాన్సర్‌తో పోయినవాళ్ళు మతి తప్పే వయసుదాకా ఉండరు, మతి తప్పినవాళ్ళకి స్కానింగులు ఎవరూ చేయించరు, లెక్క అలా కూడా తేలుతుంది కదా అని ఇంకొందరి వాదన. వాళ్ళు వాళ్ళు తేల్చుకుంటారు. మావాడు మాత్రం తేల్చేశాడు!

వాడు చదవని ముక్క ఇంకోటుంది. 2019లో వచ్చిన మరో అమెరికా అధ్యయనంలో, తర్వాత్తర్వాత క్యాన్సర్ వచ్చినవాళ్ళ జ్ఞాపకశక్తి, అది బయటపడక ముందు ఏళ్ళలో కూడా మిగతావాళ్ళకంటే నెమ్మదిగానే తగ్గిందట. సంతోషం. కానీ క్యాన్సర్ అని తెలిసిన ఆ సమయంలో ఒక్కసారిగా కిందికి దిగింది. ఆ తర్వాత మళ్ళీ మెల్లమెల్లగా. ఆ ఒక్కసారిగా దిగడం ఉంది చూశారూ, మేం బతుకుతున్నది అందులో. అది ఫార్వర్డులో ఎందుకుంటుంది, లైకులు రావుగా.

అయినా అల్జీమర్స్ కాకపోతే మతిమరుపే కాదా? మొన్న అమ్మ ఫోన్లో మాట్లాడుతూ "అదీ... గోడకి ఉంటుందే... తిరుగుతుందే..." అని చెయ్యి గుండ్రంగా తిప్పుతోంది. అవతల ఆవిడ "ఫ్యానా?" అంటోంది. గడియారం అన్న మాట అందక అమ్మ ఫోన్ నా చేతికిచ్చి వెళ్ళిపోయింది. కీమో తర్వాత వచ్చే ఈ మతిమరుపుని కీమో బ్రెయిన్ అంటారని నేను ఎక్కడో చదివి తెలుసుకోవాలి తప్ప, ఇంత లావు ఫైలు రాసిన ఆస్పత్రిలో ఒక్కరూ చెప్పలేదు. అడిగితే "వయసు కదమ్మా." వయసట! ఆపరేషన్ ముందు లేని వయసు కీమో అవగానే వచ్చిపడిందా?

65 దాటినవాళ్ళకి కీమో మొదలుపెట్టేముందు జ్ఞాపకశక్తి కూడా చూడండని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2018లోనే చెప్పింది. మినీ కాగ్ అని ఓ చిన్న పరీక్ష ఉంది. మూడు మాటలు చెప్పి, గడియారం బొమ్మ గీయించి, ఆ మాటలు మళ్ళీ అడుగుతారు. మూడు నిమిషాల పని. కీమోకి ముందు అది చేసి ఉంటే ఇప్పుడు ఎంత తగ్గిందో పోల్చుకోవడానికి ఒక కాగితమైనా ఉండేది. థైరాయిడ్, బి12, రక్తహీనత, డిప్రెషన్, నిద్ర మాత్రలు, జలుబుకి వేసుకునే కొన్ని పాతకాలం మాత్రలు, ఇవన్నీ మతిని మందగింపజేసేవే, సరిచేయగలిగేవే. ముందు వెతకాలి కదా. "వయసు" అంటే వెతికే పనుండదు.

ఆస్పత్రి సంగతి అలా ఉంచండి, ఇంటికొచ్చే పరీక్షాధికారులు వేరే. చెప్పులు విప్పకుండానే "నేనెవర్నో చెప్పు చూద్దాం!" అమ్మ నవ్వి తల ఊపుతుంది. "అయ్యో, నన్ను మర్చిపోయావా?" అని వీళ్ళకి మళ్ళీ అలక. ఏళ్ళ తరబడి గడప తొక్కనివాళ్ళని పోల్చుకోకపోవడం ఏం జబ్బు? కళ్ళజోడు పెట్టుకుని చూసినా నాకూ మీరెవరో తెలీడం లేదు.

అందరికంటే పెద్ద డాక్టరు మా అన్నయ్య. ఆదివారం వీడియో కాల్‌లో పది నిమిషాలు. "బానే ఉందే, నాతో చక్కగా మాట్లాడింది, నువ్వే ఎక్కువ ఆలోచిస్తున్నావ్." ఆ పది నిమిషాల కోసం అమ్మ ఎంత కూడదీసుకుంటుందో, ఫోన్ పెట్టేశాక "వాడు ఏమన్నాడు?" అని ఎన్నిసార్లు అడుగుతుందో వాడికెవరు చెప్తారు? కీమో ఇవ్వాలా వద్దా అన్న రోజున కూడా ఇంతే. "అమ్మ స్ట్రాంగ్, ఇప్పించెయ్. మా ఫ్రెండ్ వాళ్ళమ్మకి ఇచ్చారు, ఏమీ కాలేదు." అందరికీ కాదురా నాయనా. ఏపీఓఈ4 అనే జన్యువు ఉండి, కీమో కూడా తీసుకున్న పెద్దవయసు వాళ్ళలో ఏకాగ్రత, ఆలోచనలో చురుకు తగ్గడం కనిపించిందని 2018లోనే ఒక అధ్యయనం వచ్చింది. అమ్మకి అది ఉందో లేదో ఎవరు చూశారు? కీమో వద్దని నేనూ అనలేదు. కానీ ఆ రోజు డాక్టర్ని ఇది అడుగుదామంటే "నెట్‌లో చదివి భయపెట్టకు" అన్నావు. ఇప్పుడు ఆ ఫార్వర్డుకి మొదటి లైకు నీదే. అదెక్కడ చదివావ్, తాళపత్రాల్లోనా?

వచ్చే చెకప్‌కి నువ్వు రా అన్నయ్యా. ఫైలు నేను మోస్తాను, బయట కుర్చీలో కూర్చుంటాను. లోపల డాక్టరు "మందులు సరిగ్గా వేసుకుంటున్నారా?" అని అడిగినప్పుడు జవాబు నువ్వు చెప్పు.