మ్యూజిక్ డైరెక్టర్ కెరీర్ నిలబడాలంటే హిట్ పాట ఒక్కటే చాలదు

బెజవాడలో పెళ్లిళ్లకి, దసరా పందిళ్లకి కీబోర్డ్ వాయించే కుర్రాళ్లని కదిపితే అందరి నోటా ఒకటే మాట, ఒక్క సినిమా ఛాన్స్ వచ్చి ఒక్క పాట హిట్టయితే చాలు అని. ఆశపడటంలో తప్పేం లేదు, కానీ పాట తగిలితే కెరీర్ దానంతటదే నడిచిపోతుంది అనుకోవడం దగ్గరే చాలామంది దెబ్బతింటున్నారు.

మన గుంటూరు జిల్లా చక్రవర్తి గారినే చూడండి. తాడికొండ దగ్గర పొన్నెకల్లు ఆయనది, అసలు పేరు కొమ్మినేని అప్పారావు. 1971లో మూగప్రేమతో మ్యూజిక్ డైరెక్టర్ అయ్యారు, మొత్తం 900కు పైగా సినిమాలు చేశారు. ఆయన డబ్బింగ్ ఆర్టిస్టు కూడా. పెదాల కదలికకి మాటని అతికించిన మనిషికి సీన్‌లో మ్యూజిక్ ఎక్కడ అందుకోవాలో ఎక్కడ వదిలేయాలో వేరే ఎవరూ నేర్పక్కర్లేదు, అన్ని సినిమాలు చేసే స్పీడ్ అక్కణ్ణుంచే వచ్చిందని నేను నమ్ముతా. రాజ్-కోటి, కీరవాణి ఆయన దగ్గర పనిచేసినవాళ్లే. కీరవాణి గారు 1990లో సొంతంగా మొదలుపెట్టి 2023లో ఆస్కార్ అందుకునే దాకా వెళ్లారంటే ఆ అసిస్టెంట్ రోజుల విలువ చిన్నది కాదు. మచిలీపట్నంలో పుట్టిన మణిశర్మ గారు కూడా అంతే, పాటలతో స్టార్ అవకముందే, 1992లోనే, 'రాత్రి' సినిమాకి బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ చేశారు.

టీవీ సీరియల్ పని ఇంకా కష్టం, పేరు ఇంకా తక్కువ. అత్త తలుపు తీసుకుని లోపలికొస్తుంది, కెమెరా కోడలి మొహం మీదకి ముందుకీ వెనక్కీ పోతుంది, ఆ నాలుగైదు సెకన్లకి కింద కీబోర్డ్ మీద సాగే ఒక ప్యాడ్ సౌండ్ పరిచి పైన వీణ బిట్ వేసి చివర్లో ఒక్క దెబ్బ కొట్టాలి, ఎపిసోడ్ ఏమో రేపే టెలికాస్ట్. అందుకే ఏడుపుకి ఒకటి, అనుమానానికి ఒకటి అని బిట్లు ముందే చేసి ఇచ్చేస్తారు, ఎడిటర్ వాటినే ఏళ్ల తరబడి తిప్పి తిప్పి వాడతాడు. 2001లో మొదలైన అమృతం టైటిల్ సాంగ్ ఇప్పటికీ జనం నోట్లో ఉంది, చేసింది కల్యాణి మాలిక్ అని ఎంతమందికి తెలుసు?

డబ్బు సంగతికొస్తే ప్యాకేజీ, అంటే పని మొత్తానికి కలిపి ఒకే రేటు. స్టూడియో, సింగర్లు, వాయిద్యాలవాళ్లు, మిక్సింగ్ అన్నీ అందులోనే, చివరికి మిగిలింది మనది, ఒక్కోసారి ఏమీ మిగలదు. 1977లో సుప్రీంకోర్టు, డబ్బిచ్చి చేయించుకున్న పాటకి వేరే ఒప్పందం లేకపోతే నిర్మాతే ఓనర్ అని చెప్పింది. 2012లో కాపీరైట్ చట్టం మార్చారు: హక్కులు రాసిచ్చేసినా సరే, థియేటర్లో సినిమాతో పాటు వినిపించేది తప్ప మిగతా వాడకాలకి వచ్చే రాయల్టీలో సంగీత దర్శకుడికి, రచయితకి హక్కులు రాయించుకున్నవాళ్లతో సమాన వాటా ఉంటుంది, దాన్ని వదులుకున్నట్టు సంతకం పెట్టించుకున్నా చెల్లదు. ఇంత పెద్ద రక్షణ చేతిలో ఉన్నా, పాటల రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థ ఐపీఆర్ఎస్‌లో మెంబర్ అయ్యి చేసిన ప్రతి ట్యూన్ పేరూ అక్కడ నమోదు చేయించకపోతే ఆ వాటా మన అకౌంట్‌కి ఎలా వస్తుంది?

మన ఊళ్లో ఘంటసాల పేరు మీద ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది, రాగం తాళంతో పాటు ఒక అగ్రిమెంట్ కాపీ ముందు పెట్టుకుని లైను లైనూ చదివించే క్లాసు కూడా అక్కడ పెట్టాలి, అది కూడా కుర్రాళ్లు హైదరాబాద్ బస్సెక్కకముందే.